బుల్లికి తీసివేత వచ్చిన రోజు

మీరే చెప్పండి, మన రాయగడలో కన్నబిడ్డకు లెక్కలు నేర్పడం నేరమా?

మా బుల్లికి తీసివేతలన్నీ తప్పులే. బొమ్మలు గీసి, లెక్కపెట్టించి నేర్పమని బళ్లో లెక్కలు చెప్పే ఒడియా మాస్టారు కబురు పెట్టారు. తాలూకా కచేరీ గుమాస్తాని, ఆపాటి బొమ్మలు గీయలేనా? బొగ్గుముక్క తీసుకుని, కొత్తగా సున్నం వేసిన గోడమీద ఐదు కుందేళ్లను గీశాను.

"ఇవేటమ్మీ?"

"వంకాయలు."

ఒళ్లు మండింది. అయినా దిగమింగుకుని, రెండింటిమీద అడ్డగీతలు కొట్టాను. "రెండు పోయేయి. ఎన్ని మిగిలేయి?"

"ఐదు. గీత కింద ఉన్నాయి కదా నానా."

వంటింట్లోంచి మా ఆవిడ పుణ్యవతి అందుకుంది. "పిల్ల సెప్పినదాంట్లో తప్పేటుందండీ? పోయింది నా గోడొక్కటే."

పేరు పుణ్యవతి. నా పాపమే అలా పండింది.

తీసేసింది నిజంగా మాయమైతే తప్ప పిల్లకు బోధపడదని అప్పుడు తట్టింది. ఉట్టిమీద డబ్బాలో సున్నుండలున్నాయి. సాయంత్రం బండికి బిస్సమ్ కటక్ నుంచి దిగబోయే తన తమ్ముడు మన్మథరావు కోసం చేసి, నన్ను ముట్టుకోవద్దంది పుణ్యవతి. తమ్ముడికి ఉండలు, కట్టుకున్నవాడికి వాసనా?

ఆవిడ నీళ్లకు వెళ్లగానే డబ్బా దింపి, పన్నెండు ఉండలూ వరసగా పేర్చాను. చదువుకోసమే సుమండీ. మూడు తిన్నాను.

"ఎన్నున్నాయమ్మీ?"

బుల్లి ఒక్కొక్కదాన్నీ వేలితో ముట్టి, "తొమ్మిది" అంది.

ఒక్కసారికే చదువు నిలుస్తుందా? ఇంకో మూడు తిన్నాను. "ఆరు." మరో మూడు. "మూడు."

"నాకో నానా?"

"లెక్క తప్పిపోద్దమ్మీ" అని డబ్బా ఉట్టెక్కించాను.

సాయంత్రం బావమరిది కాళ్లు కడుక్కుని పీటమీద కూర్చున్నాడు. పుణ్యవతి మూత తీసి నావైపు చూసింది.

"ఎలకలై ఉంటాయి" అన్నాను.

"తినీసి మళ్లీ మూతెట్టిన ఎలకలా?"

"ఎలకలు కాదమ్మా" అంది బుల్లి. "పన్నెండులో నాన తొమ్మిది తీసీసేడు. మూడున్నాయి."

వేలైనా మడవకుండా చెప్పింది. గురువుగా పొంగిపోవాలో, దొంగగా కుంగిపోవాలో తెలియలేదు.

"తీసివేత వచ్చీసింది. ఇంక కూడిక సెప్పండి" అంటూ పుణ్యవతి వేయించిన మినుములూ తిరగలీ తెచ్చి నా ముందు పెట్టింది. "పోయిన తొమ్మిదీ కూడాల."

ఒక్క పూటలో పిల్లకు లెక్క నేర్పిన తండ్రికి జరిగిన సన్మానం ఇదండీ. నేను తిరగలి తిప్పుతుంటే, ఉన్న మూడూ తల్లీ కూతురూ మేనమామా తలొకటి తీసుకున్నారు.

"బావా," అన్నాడు మన్మథరావు, నోట్లో ఉండ ఇటునుంచి అటు జరుపుకుంటూ, "కాస్త మెత్తగా ఇసరండి. గరుకైతే నాకు పడదు."