క్యూ పక్కన యు లేని కేసు

అలెగ్జాండ్రియాలో నేరస్తులకు నిద్ర లేకుండా చేస్తున్నది తన మెదడేనని ఇన్‌స్పెక్టర్ షౌకీ ఆ మంగళవారం పొద్దున్న టీకొట్టులో ప్రకటించాడు. వారానికి రెండుసార్లయినా వినే ప్రకటనే కాబట్టి ఎదురుగా కూర్చున్న పాత స్నేహితుడు హిల్మీ తలెత్తకుండా టీలో పుదీనా కలుపుకున్నాడు. షౌకీ ఇన్‌స్పెక్టరన్న మాట అబద్ధం కాదు. ముప్పై ఏళ్లు ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. పోలీసులతో అతనికున్న సంబంధమల్లా, పక్కింటి పిల్లిని వెంబడించడం మానుకోమని వాళ్లొకసారి స్టేషనుకు పిలిచి చెప్పడమే.

"ఈ కాగితం మన మెట్ల మీద దొరికింది," అని షౌకీ గొంతు తగ్గించాడు. ఇద్దరిదీ ఒకే భవనం, షౌకీది రెండో అంతస్తు, హిల్మీది మూడు. "ఇంగ్లీషు అక్షరాల్లో అరబ్బీ మాటలు. నిజాయితీపరుడెవడైనా ఇలా రాస్తాడా? విను. ఖాత్, పన్నెండు. యెమెన్ మత్తు ఆకు, పన్నెండు కట్టలు. సూక్, పన్నెండు. సరుకు బజారుకు చేరేది పన్నెండింటికి. కాయిద్, ముఠా నాయకుడు. ఖాజీ, అంటే జడ్జీని కొనేశారు. నికాబ్, పదహారు. ముసుగేసుకుని నాలుగింటికి ఉడాయిస్తారు. ఒరేయ్ హిల్మీ, దేశం నా చేతుల్లో ఉంది."

"దేశం సంగతి తర్వాత. ముందు నీ మోచెయ్యి నా టీలోంచి తియ్యి," అన్నాడు హిల్మీ. అంటూనే కాగితం అందుకుని చూశాడు.

అది అతని భార్య దౌలత్ చేతిరాత. అట్టడుగున తలాక్ అని ఉంది. దాని కింద రెండు గీతలున్నాయి.

ఈ మాట సంగతేమిటని అడిగితే, అది ముఠా వాళ్ల రహస్య సంకేతమనీ పట్టించుకోవద్దనీ షౌకీ కొట్టిపారేశాడు. పట్టించుకోకుండా ఉండడం హిల్మీ వల్ల కాలేదు. ప్రతి మంగళవారం నాలుగింటికి దౌలత్ పెదాలకు రంగు వేసుకుని చెల్లెలింటికని వెళ్తుంది. పోయిన వారం అదే చెల్లెలు ఫోన్ చేసి, అక్కను చూసి రెండు నెలలైంది, ఎలా ఉంది అని అడిగింది. అప్పుడతనికి ఏమీ తట్టలేదు.

ముప్పై నాలుగేళ్ల కాపురంలో తాను చేసిన పాపాలన్నీ అతనికి వరసగా గుర్తొచ్చాయి. ఓడల కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసిన మనిషతను. శుక్రవారాలు భార్యతో, పలక మీద చెక్క అక్షరాలతో ఇంగ్లీషు మాటలు పేర్చే ఆట ఆడేవాడు. గెలిచేవాడు. గెలిచి ఊరుకోక, డిక్షనరీ తెరిచి ఆమె తప్పులు ఒక్కొక్కటే వివరించేవాడు. రెండు నెలల కిందట ఆమె చేతిలో క్యూ అక్షరం మిగిలిపోతే, పక్కన యు లేనిదే క్యూ కదలదనీ, ఇంగ్లీషు ఆమె వల్ల కాదనీ నవ్వాడు. దౌలత్ ఆ పలకను మడిచి బీరువా మీద పెట్టేసింది. మళ్లీ తియ్యలేదు.

సాయంత్రం నాలుగింటికి దౌలత్ ఆడవాళ్ల పెట్టెలో ట్రామెక్కింది. వెనక పెట్టెలో ఈ ఇద్దరూ ఎక్కారు. జూన్ ఎండలో షౌకీ చలికోటు తొడుక్కుని, నల్లద్దాలు పెట్టుకుని, రెండు చిల్లులు పొడిచిన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కండక్టర్ వచ్చి, షౌకీ బాబాయ్, ఒంట్లో బాగాలేదా అని పలకరించాడు. మారువేషంలో ఉన్నానని షౌకీ అతని చెవిలో చెప్పాడు. బాబాయ్ మారువేషంలో ఉన్నాడు, ఎవరూ గుర్తుపట్టకండని కండక్టర్ పెట్టె మొత్తానికీ చాటాడు.

దౌలత్ చివరి స్టేషనులో దిగి ఒక పాత భవనం మెట్లెక్కింది. తలుపు మూసుకుంది. ఇద్దరూ పిల్లుల్లా పైకి వెళ్లి చెవులు ఒగ్గారు.

"ఖాత్‌కి ఇరవై నాలుగు," అన్నదొక ముసలి గొంతు లోపల.

"సరుకు రెట్టింపయింది," అని షౌకీ వణికిపోయాడు.

ఆ తర్వాత దౌలత్ గొంతు వినిపించింది. "ఇక ఆలస్యం చెయ్యను. తలాక్ వేసేస్తున్నాను."

హిల్మీ మెట్టు మీద కూలబడ్డాడు. లోపలి మాటలు ఇంకా బాగా వినాలని షౌకీ ఒళ్లంతా తలుపుకు ఆనించాడు. గడియ పెట్టని తలుపు అది. కోటుతో, అద్దాలతో, పేపరుతో సహా వెళ్లి బల్ల మీద పడ్డాడు. చెక్క అక్షరాలు గదంతా చిమ్మాయి. నలుగురు ఆడవాళ్లు, ముగ్గురు ముసలాళ్లు చేతుల్లో అక్షరాలతో అలాగే నిలబడిపోయారు.

తెరిచిన తలుపులోంచి దౌలత్ భర్తను చూసింది. హిల్మీ లేచి వచ్చి కాగితం అందించాడు.

"నన్ను వదిలేస్తున్నావా, దౌలత్?"

ఆమె కాగితం అందుకుంది. వారం నుంచీ ఈ కాగితం కోసమే వెతుకుతున్నానంది. క్యూ తర్వాత యు అక్కర్లేని మాటలట అవి. అంకెలు పాయింట్లట. రెండు నెలలుగా ఈ క్లబ్బుకు వచ్చి నేర్చుకుంటోందట.

"అన్నీ మన మాటలే, హిల్మీ. ఇంగ్లీషువాళ్లు పట్టుకెళ్లి డిక్షనరీలో పెట్టుకున్నారు. నువ్వు రాసిన అన్ని ఉత్తరాల్లో ఒక్కటీ తగల్లేదా?"

"మరి తలాక్?"

"దానికి పద్నాలుగు పాయింట్లు. నీ మీద ఖర్చు పెడితే నాకేమొస్తుంది?"

గదిలో అందరూ నవ్వారు. హిల్మీ నవ్వలేదు. ఆ శుక్రవారం అలా అనకుండా ఉండాల్సిందని అందరి ముందూ చెప్పాడు. దౌలత్ కుర్చీ లాగి చూపించింది. అక్షరాలు ఏరుకుని ఆడారు. నూట ముప్పై పాయింట్ల తేడాతో ఓడాడు. ఓడినంతసేపూ ఆమె ఒక్క తప్పు కూడా వివరించలేదు, అదే అతనికి ఎక్కువ మండింది.

తిరుగు ట్రాములో దౌలత్ ఆడవాళ్ల పెట్టె ఎక్కకుండా వచ్చి అతని పక్కనే కూర్చుంది. ముందు సీట్లో షౌకీ, పథకం ప్రకారం సరైన క్షణంలో పడి ముఠా గుట్టు ఎలా రట్టు చేశాడో కండక్టరుకు చెబుతున్నాడు. నుదుటి మీద బొప్పి దేశం కోసమేనట. హిల్మీ అతన్ని దిద్దలేదు. భార్య వైపు ఒరిగి, వచ్చే మంగళవారం దాకా ఆ కాగితం ఒకసారి ఇస్తావా అని మెల్లగా అడిగాడు.

దౌలత్ కాగితాన్ని సంచిలో వేసుకుని మూత నొక్కేసింది.

"నీది నువ్వు రాసుకో," అంది.