పన్నెండో హాజరు

ఆ రోజుకు టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇస్త్రీ అక్క ఇంటికి వెళ్ళాలి. ఆమెను వెంటబెట్టుకుని తొమ్మిదికల్లా బడికి చేరాలి. పదిన్నరకు వచ్చే తనిఖీ అధికారికి పన్నెండు తలలు లెక్క చూపించాలి. పెద్దల బడిలో ఉన్న పేర్లు సరిగ్గా పన్నెండు. తనిఖీ నాడు అందులో ఒక్కటి తగ్గినా తరగతి ఎత్తేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఇస్త్రీ అక్క చూస్తే మూడు రోజులుగా జాడ లేదు.

ఈ టీచరమ్మకు వెనకాల 'ఆరా టీచరమ్మ' అని పేరు. ఎవరైనా ఒక పూట బడికి రాకపోతే ఇంటికి వెళ్ళి ఆరా తీసేదాకా ఆమెకు ముద్ద దిగదు. ఎవరి మోకాలు పట్టేసిందో, ఎవరి బిడ్డకు జ్వరం తగిలిందో, ఎవరి మొగుడు పలక దాచేశాడో అంతా ఆమెకు ఎక్కాల్లా కంఠతా వచ్చు. "నువ్వు పాఠం చెప్పేది పావుగంట, పరామర్శ ముప్పావుగంట" అని భర్త దెప్పుతూ ఉంటాడు. అయితే పిల్లల కోసం చేయించిన బెంచీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నా, ఆ పన్నెండు మందీ రెండేళ్ళుగా కదలకుండా కూర్చున్నది ఆ ముప్పావుగంట కోసమేనన్న సంగతి ఆయనకు తెలియదు.

తలుపు తీసింది ఇస్త్రీ అక్క అత్తగారు. డెబ్బై దాటిన మనిషి, నడుం వంగింది గాని నోరు వంగలేదు.

"రా టీచరమ్మా. నీ శిష్యురాలు కుళాయికి కాపలా కాస్తోంది. ఈ వయసులో చదువేమిటే అని నేను రెండేళ్ళు మొత్తుకున్నా వినలేదు. కుళాయి ఒక్కసారి చెప్పింది, విన్నది."

వంటింట్లో ఇస్త్రీ అక్క గొంతుక్కూర్చుని, తల ఊడిపోయిన కుళాయికి గుడ్డ చుట్టి రెండు చేతులా బిగించి పట్టుకుని ఉంది. పట్టుకుంటే ధార బిందెలో పడుతుంది, వదిలితే వంటిల్లు చెరువవుతుంది. నీళ్ళు ఎనిమిదికి వచ్చి పదకొండుకు పోతాయి. బడి తొమ్మిది నుంచి పదకొండు దాకా. మధ్యాహ్నం ఆస్పత్రి బట్టల ఇస్త్రీకి పోవాలి. అత్తగారి చేతుల్లో పట్టు లేదు. ఇదీ కథ.

"మన తరగతిలోనే కుళాయి మేస్త్రీ ఉన్నాడు కదా, ఒక్క మాట చెప్పొద్దూ?" అంది టీచరమ్మ.

"చెబితే వాడు పని మానుకుని రాడమ్మా, బడి మానుకుని వస్తాడు. పోతే నా ఒక్కదాని చదువే పోనీ. వాడిది కూడా ఎందుకు?"

ఆ మాటకు టీచరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. కళ్ళు చెమ్మగిల్లినప్పుడు మనిషికి ముందున్నది సరిగ్గా ఆనదు. అరగంటలో పని ముగించి నిన్ను తీసుకొస్తాడని అక్కకు మాటిచ్చి, ఆమె బడికి పరుగెత్తి, కుళాయి మేస్త్రీని పంపించేసింది.

పావుగంటకు అతను ఫోను చేశాడు. కుళాయి మార్చబోతే గోడలో గొట్టం తుప్పు పట్టి చేతికొచ్చిందట. కొత్తది వెయ్యాలంటే గోడ కొట్టాలి. తాపీమేస్త్రీని ఒక్క పది నిమిషాలు పంపమన్నాడు. తాపీమేస్త్రీ మూడో బెంచీలో భిన్నాలతో కుస్తీ పడుతున్నాడు. గోడ కొట్టడమన్న మాట చెవిన పడేసరికి, జైలు తలుపు తీసినట్టు లేచి వెళ్ళిపోయాడు.

తరువాతి ఫోను అతనిదే. అతను గోడను తడితే డొల్ల మోత మోగింది. డొల్ల మోత మోగిన గోడను వదిలి రావడం అతని వృత్తికి అవమానం. అందుకని అడుగు కొట్టాల్సిన చోట అయిదడుగులు కొట్టాడు. ఆ అయిదడుగుల్లో కరెంటు తీగ ఉంది. ఇల్లు చీకటయింది. ఇంకేముంది, కరెంటాయన వెళ్ళాడు. వెళ్తూ, రాళ్ళూ మట్టీ ఎత్తిపోయడానికి మనుషులు కావాలట అని పక్క బెంచీ వాళ్ళతో అన్నాడు. ఇస్త్రీ అక్క ఇల్లు కూలిపోయిందనుకుని మిగతా ఏడుగురూ ఒక్కసారిగా లేచారు. టీచరమ్మ అడ్డం నిలబడింది.

"ఒకళ్ళ కష్టం ఇంకొకళ్ళు అడిగి తెలుసుకోవాలని నేర్పింది మీరే కదమ్మా" అన్నారు వాళ్ళు, మర్యాదగానే. రెండేళ్ళలో ఆమె చెప్పిన పాఠాలన్నిటిలోనూ ఆ ఒక్కటే వాళ్ళకు తప్పు లేకుండా వచ్చింది.

పది దాటేసరికి బడిలో మిగిలింది టీచరమ్మా, చివరి బెంచీలో కూర్చునే రిటైరయిన వాచ్‌మన్ తాతా. "తాతా, నేను పోయి అందరినీ తోలుకొస్తాను. ఆఫీసరుగారు వస్తే కూర్చోబెట్టు" అని చెప్పి ఆమె చెంగు దోపుకుని పరుగెత్తింది.

తాత ముప్పై అయిదేళ్ళు గేటు కాసిన మనిషి. ఖాళీ గది కనబడితే ఆయన చెయ్యి దానంతట అదే గడియ మీదికి పోతుంది. అధికారి పది నిమిషాలు ముందే వచ్చి తలుపు తడితే, లోపలినుంచే పేరేమిటి, పనేమిటి, ఎవరు పంపారు అని మూడు ప్రశ్నలు వేశాడు. మూడింటికీ జవాబు వచ్చినా తలుపు మాత్రం తెరుచుకోలేదు. టీచరమ్మ లేనిదే తీసేది లేదని, తరగతంతా ఇస్త్రీ అక్క ఇంట్లో ఉందని, రెండు వీధులవతల ఎక్కడ సుత్తి మోత వినబడితే అదే ఇల్లని కిటికీలోంచి దారి చెప్పాడు.

అధికారి నలగని చొక్కాతో ఆ ఇంటి వంటింటి గడపలో కాలు పెట్టడమూ, కుళాయి మేస్త్రీ కొత్త గొట్టం బిగువు చూడ్డానికి మూత విప్పడమూ ఒక్కసారే జరిగాయి. ఆ నీళ్ళు ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా తనిఖీ చేశాయి.

అందరికంటే ముందు తేరుకున్నది ఇస్త్రీ అక్క. ముడతలు పడుతున్న చొక్కాను చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు. "విప్పండి సార్" అంది, ఆయన అధికారి అన్న సంగతి పట్టించుకోకుండా. కరెంటు అప్పుడే వచ్చింది. ఆయన అత్తగారి తువ్వాలు భుజాన కప్పుకుని పీటమీద కూర్చున్నాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మనుషులంతా ఎదుటే ఉన్నారు, తరగతి మాత్రం లేదు. ఇక పోయేదేముందని టీచరమ్మ గోడ పెచ్చు ఒకటి తీసి, నేలమీద రాయడం మొదలుపెట్టింది.

"ఈ డ్రమ్ముకు రెండు వందల లీటర్లు. నిమిషానికి ఎనిమిది లీటర్లు పడుతుంటే ఎంతసేపటికి నిండుతుంది?"

"ఇరవై అయిదు నిమిషాలు" అన్నాడు తాపీమేస్త్రీ, తాపీ ఆపకుండానే. భిన్నాల దగ్గర చెమటలు పట్టే మనిషి. డ్రమ్ముల దగ్గర అతనికి అనుమానమే లేదు. గొట్టం మూడో వంతు మూసుకుపోతేనో అని ఆమె అడిగింది. ముప్పై ఏడున్నర అని నలుగురు ఒక్కసారే అన్నారు. అధికారి తల ఎత్తి చూశాడు. వేళ్ళు మడిచి మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడు.

"పదకొండు మందే ఉన్నారు."

"పన్నెండో ఆయన బడిలో ఉన్నాడు సార్. మీరు చూశారు కదా."

"చూళ్ళేదు, విన్నాను. ఒక తరగతి రెండు చోట్ల ఉండదమ్మా. నేను రాసేది ఒక చోటుకే."

ఇస్త్రీ అక్క చేతిలో ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆగింది. తన కుళాయి వల్ల పదకొండు మంది చదువు పోతోంది. ఆమె ముఖం చూడలేక టీచరమ్మ చూపు నేలమీద లెక్కలో దాచుకుంది.

అప్పుడు అత్తగారు మూలనుంచి లేచి వచ్చింది.

"నన్ను రాసుకో నాయనా. పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాగా."

"మీరు చదువుకుంటారా?"

"ఏం, నాకేం తక్కువ? ఇది రెండేళ్ళు చదివి కుళాయి పట్టుకుంది. నేను చదవకుండానే ఈ కోడల్ని పట్టుకున్నా. చదివితే ఇంకా గట్టిగా పట్టుకుంటా."

అధికారి రిజిస్టరు తెరిచి సంతకం చెయ్యమన్నాడు. రాదంది. సంతకం రాని మనిషిని విద్యార్థిగా ఎలా రాసుకోమంటారని ఆయన టీచరమ్మను అడిగాడు.

"వస్తే బడికెందుకండీ?" అంది టీచరమ్మ.

ఇస్త్రీ చేసిన చొక్కా అప్పుడే చేతికొచ్చింది. గీతలు గీసినట్టున్న ఆ మడతలు ఒకసారి చూసుకుని, అధికారి 'హాజరు పన్నెండు, స్థలం వంటిల్లు' అని రాసి, వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు. బడి నిలబడింది. ఇస్త్రీ అక్క ఆ సాయంత్రమే టీచరమ్మకు దణ్ణం పెట్టి, ఇకమీదట ఒళ్ళు కాలిపోతున్నా బడికే వస్తానని, తన ఇంటికి మాత్రం ఎవరినీ పంపొద్దని వేడుకుంది.

మర్నాటినుంచి అత్తాకోడళ్ళు పక్కపక్క బెంచీల్లో కూర్చున్నారు. అత్తగారికి అక్షరాలు ఆలస్యంగా పట్టుబడ్డాయి గాని, ఆరా తీయడం రెండో రోజుకే వచ్చేసింది.

వారం తిరక్కుండానే టీచరమ్మకు జలుబు చేసి ఒక పూట బడికి వెళ్ళలేదు. తొమ్మిదింపావుకు తలుపు చప్పుడయింది. తీస్తే, అత్తగారు ముందు, వెనక పన్నెండు మందీ వరసగా ఉన్నారు. ఆమె 'ఏం లేదు, కాస్త జలుబే' అని చెప్పేలోపే తాపీమేస్త్రీ లోపలికి వచ్చి వంటింటి గోడను వేలితో తట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

టీచరమ్మ జలుబు అక్కడికక్కడే తగ్గిపోయింది.