ఎర్ర దీపం వెలగలేదని తీర్మానం

ఆగస్టు రెండో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు, ఇండియానా రాష్ట్రంలోని కెట్లర్స్‌బర్గ్ పందెపు బాట మీద, టాల్వెరా అనే సరికొత్త స్పోర్ట్స్ కారు పావు మైలు దూరాన్ని సరిగ్గా 10.87 సెకన్లలో దాటింది. ఈ వార్త స్థానిక వారపత్రికలో జూలై ఇరవయ్యో తేదీనే అచ్చయింది. అప్పటికి ఆ కారును ఊళ్ళో ఎవరూ చూడలేదు. వార్త రాసిన ఆర్లిస్ డెంకర్ కూడా చూడలేదు. చూస్తే అంచనాలో పక్షపాతం చేరుతుందని ఆయన నమ్మకం.

ఆర్లిస్ ముప్పై ఒక్క ఏళ్ళు పురపాలక నీటి విభాగంలో మీటర్లు చదివాడు. మొదటి రెండేళ్ళు ఇళ్ళ నేలమాళిగల్లోకి దిగి, టార్చి వేసి, అంకె చూసి రాసుకున్నాడు. ఆ తర్వాత పచ్చిక రంగునీ, ఆరేసిన తువ్వాళ్ళనీ, గుమ్మం ముందు విప్పిన బూట్లనీ బట్టి బయటే నిలబడి అంకె వేయడం అలవాటు చేసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. తన అంకె ఎన్నడూ తప్పలేదని ఆయన దీన్నిబట్టి గ్రహించాడు. ఇంతటి శక్తి నీళ్ళకే పరిమితం కావడం అన్యాయమని తలచిన పత్రిక సంపాదకుడు, ఇరవై రెండేళ్ళ కిందట ఆయన చేత పందెపు కార్ల మీద ఒక శీర్షిక మొదలుపెట్టించాడు.

కెట్లర్స్‌బర్గ్ పందెంలో ఒక పద్ధతి ఉంది. ప్రతి డ్రైవరూ తన కారు ఎన్ని సెకన్లలో గీత దాటుతుందో ముందే చెప్పాలి. ఆ అంకెను తెల్ల బూట్ పాలిష్‌తో పక్క అద్దం మీద రాసుకోవాలి. దానికి ఎంత దగ్గరగా వస్తే అంత గొప్ప. కొంచెం వెనకబడితే క్షమిస్తారు. అంకెను మించి వేగంగా వస్తే మాత్రం ఇంటికి పంపించేస్తారు. మనిషి తన గురించి చెప్పినదానికంటే మెరుగ్గా ఉండటాన్ని నేరంగా ఎంచి, దానికి బహిరంగంగా శిక్ష వేసే నిజాయితీ అన్ని ఊళ్ళకూ ఉండదు. మిగతా చోట్ల ఈ పని ఇళ్ళలో జరుగుతుంది.

ఆర్లిస్ భార్య లవాన్ బడి బస్సు నడుపుతుంది. శనివారాల్లో 1974 నాటి ఆకుపచ్చ కారు ఒకటి పందెంలో నడుపుతుంది. ఆమె అద్దం మీద అంకె రాసేది ఆర్లిసే. ఆ అంకె 14.20. మొదటి వేసవిలోనూ అదే, నిరుటి వేసవిలోనూ అదే. ఆమె దాన్ని ఒక్కసారీ తప్పలేదు. పంతొమ్మిది కప్పులు గెలిచింది. పరాయి కార్ల విషయంలో ఆర్లిస్ అంచనా అప్పుడప్పుడు తేడా వచ్చేది. అలాంటప్పుడు కారులోనో, డ్రైవరులోనో, గాలిలోనో ఉన్న లోపాన్ని ఆయన మరుసటి వారం నిరూపించేవాడు. లవాన్ మాత్రం ఆయన శాస్త్రానికి నిలువెత్తు సాక్ష్యం. పొద్దున్నే ఆమె గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటుందని ఆయన మనసులో అనుకునేవాడు. చల్లుకునేది. ఒక మనిషి లోపల ఏముందో తెలియాలంటే ఆ మనిషిని అడగనక్కరలేదనీ, అడిగితే లెక్క చెడుతుందనీ ఆయన ఏనాడో తేల్చుకున్నాడు. దాన్ని ప్రేమ అనుకున్నాడు. ఇంటి బయట నిలబడి మీటరు చదవడం కూడా అలాగే ఉంటుందని ఆయనకు ఎవరూ గుర్తుచేయలేదు.

10.87 అచ్చయిన వారానికే ఊరు దానికి అలవాటుపడింది. హోటల్లో పళ్ళెం దాటి వేలాడే పందిమాంసం వేపుడు శాండ్‌విచ్‌కు ఆ పేరు పెట్టారు. బాప్టిస్టు చర్చిలో పాస్టరు పదిన్నర ప్రార్థనను పది యాభై రెండుకు జరిపాడు. పది గంటల పైన 0.87 గంటను నిమిషాల్లోకి మారిస్తే అంతే వస్తుందట. మందుల దుకాణం యజమాని ఒకడు 10.90 కూడా రావచ్చేమో అన్నాడు. పాతికేళ్ళుగా అతని దగ్గర దగ్గుమందు కొంటున్నవాళ్ళు దగ్గుతూనే పక్క ఊరికి వెళ్ళసాగారు.

పందెపు బాటకూ, ఊళ్ళోని కార్ల షోరూముకూ యజమాని అయిన గార్డన్ పిల్మర్ దూరదృష్టి గలవాడు. సమయాలు ప్రకటించే గోపురానికి ఆర్లిస్ పేరు పెట్టి, కింద 10.87 అని బోర్డు రాయించాడు. పరుగుకు ఇంకా మూడు వారాలుండగానే రాయించాడు. రంగు ఆరాలి కదా.

"ఇంకో అంకె వచ్చిందనుకో, ఈ బోర్డు ఏం చేసుకోమంటావు ఆర్లిస్? కోళ్ళ గూటికి తలుపు చేసుకోనా?" అన్నాడు పిల్మర్.

"రాదు."

"రాకపోతే మంచిదేలే. వస్తే మాత్రం నీ శీర్షిక తీసేసి గుమ్మడికాయ వంటలు వేస్తానంటున్నాడు మీ సంపాదకుడు. నాకసలే గుమ్మడికాయ పడదు."

ఆర్లిస్ నవ్వాడు. కానీ ఆ రాత్రి నుంచి నిద్ర తగ్గింది. పోయేది శీర్షికో బోర్డో అయితే ఆయన తట్టుకోగలడు. అంకె తప్పితే, తను ఇరవై తొమ్మిదేళ్ళు గుమ్మాల బయట నిలబడి లోపలికి వెళ్ళని మనిషిగా మిగులుతాడు. ఆ ఊహ తలుపు తట్టినప్పుడల్లా ఆయన లేచి ఫ్రిజ్ తెరిచి, ఏమీ తీసుకోకుండా మూసేవాడు.

కారు గురువారం మూసిన లారీలో వచ్చింది. వెంట కంపెనీ ఇంజనీరు హెడా లిండ్‌క్విస్ట్ ల్యాప్‌టాప్‌తో దిగింది. ప్రకటన కోసం కారును ఒక సామాన్య పౌరురాలు నడపాలని కంపెనీ ఆశ. పిల్మర్ క్షణం ఆలోచించకుండా లవాన్ పేరు చెప్పాడు.

"చెప్పిన అంకె అణువంత తేడా లేకుండా తెస్తుంది," అన్నాడు.

"మాకు చెప్పిన అంకె వద్దండీ. వచ్చిన అంకె కావాలి," అంది హెడా.

పిల్మర్ ఆమెను జాలిగా చూశాడు. "ఇక్కడ రెండూ ఒకటే, అమ్మాయ్."

శుక్రవారం లవాన్ ఆ కారును రెండుసార్లు సగం దూరం నడిపి చూసింది. ఇంటికి వచ్చి గిన్నెలు కడుగుతూ అంది: "ఆర్లిస్, అది నువ్వనుకున్న కారు కాదు."

"అంటే?"

"అంటే... నన్నడిగితే..."

"పది ఎనభై ఏడు," అన్నాడు ఆర్లిస్.

"ఊఁ," అంది లవాన్. కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడిగింది.

శనివారం పన్నెండు వందల మంది వచ్చారు. పిల్మర్ మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! పెద్ద పెద్ద నగరాల్లో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కారును పరుగెత్తించి, ఆ తర్వాత అంకె చెబుతారు. అది ఎవడైనా చెబుతాడు! మన కెట్లర్స్‌బర్గ్ ముందు అంకె చెబుతుంది, ఆ తర్వాత కారును పిలుస్తుంది! ఇది మన సంస్కృతి! ఇవాళ మనం పరీక్ష చూడటానికి రాలేదు, ఫలితాన్ని గౌరవించడానికి వచ్చాం!"

చప్పట్లు మొక్కజొన్న చేల దాకా వినిపించాయి. ఆర్లిస్ బూట్ పాలిష్ సీసా తీసి కారు అద్దం మీద 10.87 అని రాశాడు. అద్దం వెనక, శిరస్త్రాణంలోంచి లవాన్ ఆయన్నే చూస్తోంది. లోపలి నుంచి చూసేవాళ్ళకు ఆ అంకె తిరగబడి కనిపిస్తుందన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఎప్పుడూ లోపల కూర్చోలేదు.

పచ్చ దీపం పడింది. కారు బయలుదేరే గీత మీద నుంచి మాయమై బాట మధ్యలో కనిపించింది. ఆర్లిస్ జీవితంలో అంత వేగం చూడలేదు. ఇది పది ఎనభై ఏడు కాదని ఆయనకు తెలిసిపోయింది. పది యాభై. ఇంకా తక్కువేమో. నేలమాళిగల్లోకి దిగిన ఆ మొదటి రెండేళ్ళ తర్వాత, అంకె వేయడానికి పచ్చికా తువ్వాళ్ళూ అవసరం లేని, కళ్ళతో చూసిన అంకె అదొక్కటే ఆయన బతుకులో.

అప్పుడు, గీతకు ఇంకా మూడు వందల అడుగులుండగా, టాల్వెరా వెనక భాగం వెలిగింది.

పాత కార్లకు మూలకొకటి చిన్న దీపం ఉంటుంది. టాల్వెరాకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే ఎర్ర పట్టీ పెట్టారు. బ్రేకు నొక్కితే ఆ పట్టీ మొత్తం వెలుగుతుంది, అర మైలు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. కంపెనీ దాన్ని భద్రత కోసం పెట్టింది. ముక్కు నేలకు వంచి, ఎర్రగా మండుతూ, మర్యాదగా కారు గీత దాటింది. గోపురం మీద అంకెలు వెలిగాయి: 10.87.

ఆ ఎర్ర పట్టీని పన్నెండు వందల మంది సూటిగా చూశారు. ఎవరికీ కనిపించలేదు.

"బ్రేకేసిందేంటి?" అంది నిమ్మరసం తాగుతున్న ఒక ముసలామె. "ఎండ కొట్టి అలా కనబడిందిలే పిన్నీ, అసలే కళ్ళ ఆపరేషన్ చేయించుకున్నావు," అంది పక్కనున్నావిడ. ఇద్దరూ లేచి చప్పట్లు కొట్టారు.

పందెపు సంఘం అక్కడికక్కడే సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది: ఎర్ర దీపం వెలగలేదు. వెలిగి ఉన్నా, అది లక్ష్యం నెరవేరబోతున్నందుకు కారు వెలిబుచ్చిన హర్షం. ఇకమీదట ప్రేక్షకులకు ఇలాంటి ఇబ్బంది కలగకుండా, పోటీలో పాల్గొనే ప్రతి కారుకూ వెనక దీపాల తీగలు పీకించాలి.

హెడా ల్యాప్‌టాప్ పట్టుకుని పిల్మర్ దగ్గరకు పరుగెత్తింది. "బ్రేకు పూర్తిగా నొక్కారండీ! ఇదిగో, ఇక్కడ రికార్డయింది. వదిలేస్తే పది నలభై ఎనిమిది వచ్చేది!"

"నీ పెట్టె మీ ఊళ్ళో చూసుకో తల్లీ. మా దగ్గర గోపురం ఉంది," అన్నాడు పిల్మర్.

కంపెనీ ఆమె కంటే వివేకంగా ప్రవర్తించింది. కరపత్రాల్లో 10.87 అనే వేసింది. కొన్నవాళ్ళెవరికైనా అంతకంటే వేగం వచ్చి ప్రకటన అబద్ధమవుతుందేమోనని, తర్వాతి విడత కార్లను అంకెకు తగ్గట్టు నెమ్మది చేసింది. హెడాకు పదోన్నతి ఇచ్చి రంగుల విభాగానికి మార్చింది.

ఆ సాయంత్రం ట్రక్కులో ఇంటికి వెళుతుండగా ఆర్లిస్ చాలాసేపు కిటికీలోంచి చూశాడు. ఒళ్ళో సంఘం ఇచ్చిన జ్ఞాపిక ఉంది.

"మన పాత కారుకి బ్రేకు దీపాలు ఎప్పట్నుంచి లేవు?" అన్నాడు.

"నువ్వు మొదటిసారి పద్నాలుగు ఇరవై రాసిన రోజునుంచి. ఆ సాయంత్రమే తీగ పీకేశా."

"ఎందుకు?"

"పక్క వరసలో పోటీ పడేవాడికి నేను బ్రేకు వేస్తున్నట్టు తెలియకూడదని. అందరూ పీకేస్తారులే." వెనక చూసే అద్దం సర్దింది. "పక్క వరసలో వాడికొక్కడికే కాదనుకో."

"వదిలేసుంటే ఎంత వచ్చేది?"

"మొదట్లో పదమూడు అరవై. ఇంజను మార్చాక పదమూడు పది."

"ఇంజను మార్చావా?"

"మూడుసార్లు."

"ఎప్పుడు?"

"నువ్వు లెక్కలు వేసుకుంటున్నప్పుడు."

ఆర్లిస్ జ్ఞాపికను తిప్పి వెనకవైపు చూశాడు. వెనక ఏమీ రాసి లేదు.

"మరి ఇవాళ? వెనకంతా దీపమేనని తెలుసుగా. ఎందుకు నొక్కావు?"

లవాన్ గేరు మార్చింది. "వద్దనే అనుకున్నా ఆర్లిస్. నిన్న రాత్రంతా అదే అనుకున్నా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చివరిదాకా వదిలేద్దామని. అబ్బ, ఏం కారది! అంత వేగంలో ఆలోచించే టైమ్ ఎక్కడిది? కాలే నొక్కేసింది. నన్ను అడగనైనా లేదు."

మిగతా దారంతా గతుకుల దగ్గర లవాన్ బ్రేకు వేసినప్పుడల్లా ఆర్లిస్ ఆమె కాలు వైపు చూశాడు. ఆమె గోధుమరంగు బూటు బొటనవేలి దగ్గర అరిగిపోయి ఉంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ బూటును చూడటం ఆయనకు అదే మొదలు.

మరుసటి శనివారం ఆకుపచ్చ కారు వరసలో నిలబడింది. ఆర్లిస్ సీసా తెరిచి, అద్దం ముందు ఆగిపోయాడు. తర్వాత జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు.

"నువ్వే చెప్పు లవాన్. ఎంత రాయను?"

ఆమె స్టీరింగు వైపు చూసింది, బాట వైపు చూసింది. తనకెంత వస్తుందో తనకు నిజంగా తెలియదని ఆమె ముఖంలో మెల్లగా తేలింది. వెనక డ్రైవర్లు హారన్లు కొట్టారు.

"పద్నాలుగు ఇరవై," అంది.

ఆయన రాశాడు. చేతికి ఎంత హాయిగా అనిపించిందో, అందుకు ఎంత సిగ్గుపడ్డాడో ఆయనకే తెలుసు. ఆమె 14.20లోనే వచ్చింది. ఇరవయ్యో కప్పు.

ఆ వారం శీర్షికలో ఆర్లిస్ జరిగిందంతా దాచకుండా రాశాడు. నేలమాళిగలూ, పీకేసిన తీగా, మూడు ఇంజన్లూ, అన్నీ. చివర, అలవాటు చొప్పున, ఒక అంచనా చేర్చాడు: ఇది చదివినవాళ్ళు నవ్వుతారు, పాపం ఆ మొగుడూ పెళ్ళాలు అనుకుంటారు, ఇలాంటివి మన ఇంట్లో లేవులే అని పేజీ తిప్పుతారు.

కెట్లర్స్‌బర్గ్ వరకు అంచనాలో వందో వంతు కూడా తేడా రాలేదని సమాచారం. ఇంత దూరాన తెలుగులో చదివేవాళ్ళ గురించి ఆయన ఏ అంకెనూ వేయలేదు. అయినా ఆ లెక్క ఇక్కడా తప్పినట్టు కనిపించడం లేదు.