నీళ్లిచ్చే మీట

మానవుడు నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం ఖాళీగా కూర్చుని చివరికి కెమెరా గది కనిపెట్టాడు. ఆ గదిలో కూర్చునేవారికి భయం కూడా ఉండాలన్న సంగతిని మాత్రం ఈమధ్యే కనిపెట్టారు.

కోడుమూరు పోయే దారిలో ఒక ఉల్లిగడ్డల యార్డు ఉంది (పేరు చెబితే మిగతా యార్డులు తమను వదిలేశారని నొచ్చుకుంటాయి). అక్కడి కెమెరా గది నాగజ్యోతిది. కొన్ని తెరలు, ఒక కుర్చీ, గడప పక్కన నీళ్లకుండ. కుండ యార్డు సామగ్రిలో లేదు, ఆమె ఇంటినుంచి తెచ్చుకుంది. ఎండన పడి వచ్చిన రైతు చెంబుడు నీళ్లు తాగి, "పాపా, నా మూట ఒగటి కనపడల్యా, రోంత చూడు" అంటాడు. ఆమె తెర వెనక్కి తిప్పి, మూట ఏ బండెక్కిందో చెబుతుంది. తన పని ఇదేనని ఆమె పొరబడింది.

తనిఖీకి వచ్చిన నిఘా నైపుణ్య వికాస అదనపు ఉపాధికారి శ్రీకాంత్ (ఈ హోదాకు పైన అసలు అధికారి ఎవరో ఇంతవరకు తేలలేదు) లోపాన్ని ఇట్టే పట్టేశాడు. సిబ్బందిలో భయం లేదు. కనుక కెమెరాలు చూసేవాళ్లంతా కంప్యూటర్లో ఒక దయ్యాల ఆట ఆడి నెగ్గాలనీ, నెగ్గనివారి కాంట్రాక్టు పొడిగించరాదనీ ఉత్తర్వు వెలువడింది. నాగజ్యోతి ఇంట్లో నెలనెలా వచ్చే జీతం ఆమెదొక్కటే. ఆమెకు భయం అప్పుడే మొదలైంది గానీ, ఆటకు ముందు పడ్డ భయాన్ని లెక్కలోకి తీసుకోరట.

ఆట సులువే. మూతపడ్డ బొమ్మల కొట్టుకు మీరు కాపలా. కెమెరాల్లో చూస్తూ ఉండాలి. ఒక బొమ్మ లేచి, గది తర్వాత గది దాటుకుంటూ మీ వైపు వస్తుంది. గడప దగ్గరికి రాగానే మీట నొక్కి తలుపు వేయాలి. వేస్తే అది తలుపును దబదబా బాది వెళ్లిపోతుంది. వేయకపోతే మీ పని సరి. అలాగని తలుపు ఊరికే మూసి ఉంచితే కరెంటు అయిపోతుంది (కరెంటు పొదుపులో ఈ జిల్లావాళ్లకు శిక్షణ అక్కర్లేదని ఉత్తర్వులోనే ఒప్పుకున్నారు).

మిట్టమధ్యాహ్నం పరీక్ష పెట్టారు. ఒక చేయి ఊడిన బొమ్మ కుంటుకుంటూ గడప దాకా వచ్చింది. నాగజ్యోతి చూస్తూ కూర్చుంది. బొమ్మ లోపలికొచ్చి ఆమెను మింగింది.

"తలుపెందుకు వేయలేదమ్మా?"

"గడప కాడికొచ్చి నిలబడిండాది సార్. మొగమ్మీద తలుపెట్లేసేది? యాడ్నించి నడ్సుకుంటా వచ్చిండాదో పాపం. నీళ్లన్నా ఇయ్యల్ల గదా."

శ్రీకాంత్ మీటలన్నీ ఓపిగ్గా వెదికాడు. "నీళ్లిచ్చే మీట ఇందులో లేదమ్మా."

"అట్లయితే ఆట సరిగ్గా చేయల్యా సార్."

మళ్లీ ఆడించారు. మళ్లీ మింగింది. ఆమె లోపాన్ని 'ఆగంతకులను ఆదరించు ధోరణి'గా నమోదు చేసిన శ్రీకాంత్, తనకే జాలేసి ఒక కిటుకు చెప్పాడు. "నువ్వు మొహం చూస్తున్నావు. మొహం చూస్తే జాలి పుడుతుంది. కాళ్లు మాత్రం చూడు. కాళ్లు గడప దగ్గర ఆగగానే నొక్కు."

ఈసారి నెగ్గింది. యార్డు పాలకసంఘం ముచ్చటపడి ఆటలోని వసతులన్నీ ఆమె గదికి కల్పించింది. మీటతో మూసుకునే ఇనుప తలుపు వచ్చింది, గడపను చూసే కెమెరా వచ్చింది. ఆటలో కుండ లేదు కనుక కుండ తీసేశారు. గదివైపు వచ్చేవారిని ఇకపై రైతులు అనరాదు, 'కదలికలు' అనాలి.

కాంట్రాక్టు పొడిగింపు కాగితం పట్టుకుని శ్రీకాంత్ చివరి తనిఖీకి వచ్చాడు. ఆమె వెనకే నిలబడ్డాడు. గడప కెమెరాలో రెండు కాళ్లు ఆగాయి. మడమలు బీటలు వారి ఉన్నాయి. తెగిన చెప్పు వారు పురికొసతో కట్టి ఉంది. ఆ పురికొస ఇచ్చింది నాగజ్యోతే. యార్డుకు వచ్చినప్పుడల్లా ఆమె గడప దగ్గర కాసేపు ఆగి పోయే తిమ్మయ్య కాళ్లవి.

"కదలిక" అన్నాడు శ్రీకాంత్ మెల్లగా.

ఆమె కుర్చీలోంచే వెనక్కి తిరిగింది. "సార్, ఆయప్ప మా తిమ్మయ్య మామ. మూటేమన్నా పోయింటాది, అడగనీకొచ్చింటాడు. ఒక్క మాట మాట్లాడి పంపిస్తా."

"కాళ్లు చూడమ్మా, కాళ్లు." అంటూ చేతిలోని కాగితం రెపరెపలాడించాడు.

ఆమె మీట నొక్కింది.

తిమ్మయ్య ఇదివరకు కుండ ఉండిన చోటికి చేయి చాచాడు. అక్కడేమీ లేకపోయేసరికి కెమెరా వైపు తలెత్తాడు. పెదాలు కదిలాయి. ఆ కెమెరాకు చెవుల్లేవు. "బాగుండావా పాపా" అన్నాడని ఆమెకు వినకుండానే తెలిసింది. కళ్లనీళ్లు ఆగలేదు (కన్నీటికి మార్కులు తగ్గించరాదని నిబంధన ఉంది).

తలుపు బాదుతాడేమోనని ఇద్దరూ ఎదురుచూశారు. తిమ్మయ్య తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

శ్రీకాంత్ కాగితం మీద సంతకం పెట్టి, ఇకముందు సిబ్బంది తికమకపడకుండా కింద ఒక వివరణ జోడించాడు. మూసిన తలుపును బాదేది దయ్యం, బాదకుండా వెళ్లిపోయేది రైతు, తలుపు ఇద్దరికీ వేయవలెను.