గోడకు సంపూర్ణ మద్దతు

ఒక మనిషి గోడమీద బొమ్మ వేస్తే అది బొమ్మ. ఊరంతా కలిసి వేయిస్తే అది పరిపాలన. ఈ సత్యం బోర్డుల మేస్త్రికి యాభై తొమ్మిదో ఏట తెలిసింది.

మేస్త్రి ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా షాపులకు బోర్డులు రాశాడు. ఏ వీధిలో నిలబడి తల ఎత్తినా ఆయన చేతిరాతే కనబడేది. తరవాత ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచెకు పదవీ విరమణ ఇచ్చాయి. ఆయన ఉండేది అక్కతో. అక్క ముప్పై ఎనిమిదేళ్లు ఆసుపత్రి కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. ఊళ్లో ఇప్పుడు పదవులు వెలగబెడుతున్నవాళ్లలో సగం మంది మొట్టమొదట ఏడ్చింది ఆమె చేతుల్లోనే. (మిగతా సగం రెండో డ్యూటీ నర్సు చేతుల్లో ఏడ్చారు. ఆ సంగతి అక్క ఒప్పుకోదు.)

ఆ అక్కకు కళ్లు మసకబారుతున్నాయి. ఏడాదిలోపు చూపు పూర్తిగా పోతుందని కంటి డాక్టరు చెప్పేశాడు. ఆవిడ ఏడవలేదు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తమ్ముణ్ని పిలిచింది.

"ఒరేయ్, జన్మంతా వాళ్ల పేర్లూ వీళ్ల పేర్లూ రాశావు. ఒక్క బొమ్మ వెయ్యరా. నా పిల్లల్ని వెయ్యి. అప్పుడే పుట్టి, ఎర్రగా, గుక్కపట్టి ఏడుస్తుంటారే, అలాగ. నాకు కనబడుతుండగానే వెయ్యి."

ఊరి నడుమ పాత చర్చికీ కొత్త చర్చికీ కలిపి ఒకటే పొడుగాటి ప్రహరీగోడ ఉంది. (కొత్త చర్చి కట్టి అరవై ఏళ్లయింది. ఎందుకు విడిపోయారో ఎవరికీ గుర్తులేదు. విడిపోయామన్నది మాత్రం అందరికీ గుర్తుంది.) మేస్త్రి వెళ్లి ఆ గోడ అడిగాడు. ఇద్దరు పాస్టర్లూ అప్పటికప్పుడే సరేనన్నారు. ఆదివారం రెండు చోట్లా ప్రకటన చేశారు. ఇరుగూపొరుగూ కదిలివచ్చారు. ఊళ్లో ఒక్కడంటే ఒక్కడు అడ్డు చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అడ్డు చెప్పేవాడుంటే కాళ్లావేళ్లా పడి ఒప్పించవచ్చు. మద్దతిచ్చేవాణ్ని ఏం చేయగలం?

పదిరోజుల్లో గోడచిత్ర మద్దతు సమితి ఏర్పడింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమస్తా దానికి కార్యదర్శి అయ్యాడు. నోటిమాటగా ఇచ్చిన మద్దతు చెల్లదని మొదటి సమావేశంలోనే తేల్చాడు. మద్దతుదారు ఫారం నింపాలి. శనివారం చర్చి హాల్లో క్యూలో నిలబడి, ఆ మద్దతు తనదేనని ఇద్దరు సాక్షులచేత చెప్పించాలి. ఆరువందల మంది నిలబడ్డారు. మేస్త్రి కూడా నిలబడ్డాడు. ఆయన ఫారం ఒక్కటే తిరిగొచ్చింది.

"మీ బొమ్మకి మీరే మద్దతిస్తే బాగుండదు మేస్త్రిగారూ," అన్నాడు కార్యదర్శి మర్యాదగా. "పక్షపాతం అంటారు."

"పోనీ, పని మొదలెట్టనా?"

"మద్దతు ఎంతో తేలొద్దూ?"

అది తేలేసరికి అక్క పేపరు చదవడం మానేసింది.

ఆపైన నమూనా చర్చకు వచ్చింది. నలభై మంది పసికందులు, వరసగా, ఏడుస్తూ. వారిలో ఇరవై మంది తమవారై ఉండాలని పాత చర్చివారు కోరారు. కొత్త చర్చివారు అందుకు అభ్యంతరం చెప్పలేదు. ఏ ఇరవై అని మాత్రం అడిగారు. అప్పుడే పుట్టిన బిడ్డ ఏ చర్చికి చెందుతుందో ముఖం చూసి చెప్పే మార్గం కనిపెట్టడానికి ఉపసంఘం వేశారు. (ఉపసంఘం నేటికీ పనిచేస్తోంది.) పక్కింటి టైలరమ్మేమో, అంతమంది పిల్లలు ఒంటిమీద నూలుపోగు లేకుండా రోడ్డుపక్కన ఉంటే జలుబు చేయదా అని మనసు కష్టపెట్టుకుని, నలభై ఊలు టోపీలు అల్లి తెచ్చింది. బొమ్మలో పిల్లలందరికీ ఆ టోపీలే వేయాలని తీర్మానించారు.

"ఈ ఏడుపెందుకండీ?" అన్నాడు కొత్త చర్చి పాస్టరు. "దారినపోయేవాళ్లకి దిగులు. నవ్వుతున్నట్టు వేయించండి."

వెనక కుర్చీలోంచి అక్క లేచింది. "బాబూ, పుట్టగానే నవ్వినవాణ్ని ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కణ్ని కూడా చూడలేదు నేను. ఏడవకపోతే తలకిందులుగా పట్టుకుని వీపుమీద తట్టేవాళ్లం. నిన్నూ తట్టాను."

సమావేశ పుస్తకంలో ఇలా నమోదైంది: 'రిటైర్డ్ నర్సుగారు కూడా తమ మద్దతు తెలిపారు.'

మేస్త్రి 'అత్యవసరం' ఫారం పెట్టాడు. దానికి కంటి డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలి. దానిమీద ఇద్దరు పాస్టర్లూ ఒకే రోజు, ఒకే గంటకు సంతకం చేయాలి. ఆ గంట ఏదన్న విషయమై రెండు చర్చిలూ ఎంతో సౌహార్దంతో ఏడు వారాలు ఉత్తరాలు రాసుకున్నాయి. ఆ ఏడు వారాల్లో అక్కకు గోడగడియారం పోయింది, తమ్ముడి ముఖం పోయింది, చివరికి కిటికీలో వెలుగు కూడా పోయింది. ఒకరోజు మంచంమీద లేచి కూర్చుని, "ఏరా, ఇంకా తెల్లారలేదా?" అంది. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఎండలో కూర్చోబెట్టాడు.

ఆ గురువారమే కార్యదర్శి దరఖాస్తు చదివి వినిపించాడు.

"చూపు పోతోందన్న కారణంగా తొందర కోరారు. విచారణలో చూపు పోయినట్టు తేలింది. కనుక తొందరకు కారణం లేదు. దరఖాస్తు మామూలు వరసలోకి మార్చడమైనది." తరవాత కాగితం మడిచి, నిజంగానే సంతోషిస్తూ, "ఇక మీరు తీరిగ్గా వేసుకోవచ్చు మేస్త్రిగారూ," అన్నాడు.

మేస్త్రి ఇంటికెళ్లిపోయాడు.

మరో అయిదు నెలలకు అనుమతి వచ్చింది, టోపీలతోనూ నవ్వులతోనూ. మేస్త్రి గోడ పొడుగునా పరదా కట్టుకుని లోపల పనిచేశాడు. రంగు డబ్బాలకన్నా ముందు, గోడ పగుళ్లు పూడ్చే లప్పం బస్తాలు లోపలికి వెళ్లాయి. కుంచెకన్నా బొటనవేలు ఎక్కువ వాడాడు. ఎవరు తొంగిచూడబోయినా, "ఆరుతోంది," అన్నాడు.

పరదా తీసినరోజు రోడ్డు నిండిపోయింది. గోడమీద నలభై పసి ముఖాలు లప్పంతో ఉబ్బెత్తుగా లేచి, టోపీలు లేకుండా, నోళ్లు తెరిచి గుక్కపట్టి ఏడుస్తున్నాయి. మేస్త్రి అక్కను నడిపించుకొచ్చి, ఆమె అరచేయి గోడకు ఆనించాడు.

ఏళ్ల తరబడి అన్నం తింటూ ఆమె వర్ణించిన ముఖాలే అవి. వేళ్లు ఒక్కొక్కదాని దగ్గరా ఆగుతూ వెళ్లాయి.

"ఈ చెవి మడత మన టైలరమ్మది కదూ. ఇదిగో, ఈ నుదురు ముడేసుకున్నవాడు... రెండ్రోజులు బయటికి రానని మొండికేశాడ్రా. వాళ్లమ్మ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేస్తున్నాట్ట ఇప్పుడు."

కార్యదర్శి బూట్ల కేసి చూసుకున్నాడు. జనంలోంచి ఒకామె మెల్లగా ముందుకొచ్చి, "నేనెక్కడున్నానమ్మా?" అని అడిగింది. అక్క ఆమె చెయ్యి అందుకుని గోడమీద పెట్టింది. వెనకాల క్యూ ఏర్పడింది. (దానికి ఫారం లేదు.) ఎండ మళ్లేదాకా అది తరగలేదు. మేస్త్రి పక్కన నిలబడి, మోచేతికంటిన లప్పం గోక్కుంటూ, అక్క ముఖమే చూస్తూ ఉండిపోయాడు.

మరుసటి వారం సమితి కూడింది. ప్రజలు ఇంతగా ఆదరిస్తున్న కళను ప్రజలనుంచి కాపాడవలసి ఉందని ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. బోర్డు రాసే పని మేస్త్రికే అప్పగించింది. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా, తన మంచి చేతిరాతతో రాసి నిలబెట్టాడు: 'గోడను తాకరాదు. చూపులేనివారికి మినహాయింపు కలదు. అట్టివారు ఈ ప్రకటనను పూర్తిగా చదివి, చదివినట్టు సంతకం చేయవలెను.'

అక్క రోజూ పొద్దున్నే వచ్చి గోడ తడుముతూనే ఉంది. చర్య తీసుకుందామంటే, ఆమె ఆ బోర్డు చదివినట్టు సమితి దగ్గర ఏ ఆధారమూ లేదు.