మెట్లదారి మీద ఎర్రచుక్క

ఆ మంగళవారం ఉదయం ఎల్ఫ్రీదా పెట్టుకున్న పనులు చిన్నవే. దుప్పట్లు ఉతుక్కోవాలి, యాలకుల బన్నులు కాల్చాలి, పదింటికి ఎదురు తలుపు హిల్డింగ్‌ను కాఫీకి పిలవాలి. చెల్లెలు పోయాక ఆమె తలుపు తట్టిన మనిషి అతనొక్కడే.

భవనంలో అందరికీ కలిపి ఉన్న బట్టలుతికే గదిలో, రెండో అంతస్తు మైకెన్ ఫోను చూపించింది. తెర మీద, కోర్టులో శిక్షపడిన వాళ్ల ఇళ్ల మీద చుక్కలు పెట్టే మ్యాపు. వాళ్ల భవనం మీద ఒక ఎర్రచుక్క.

"పేరేమిటే?"

"పేరు చూడాలంటే ఎనభై క్రోనాలు కట్టమంటోంది. దండగ. మొన్న కొత్తగా దిగిందెవరు? ఒంటిగా ఉండేదెవరు?"

"హిల్డింగా? ఈగను కూడా కిటికీ తీసి సాగనంపే మనిషి."

"అలాంటి వాళ్లతోనే భయం."

ఎల్ఫ్రీదా దుప్పట్లు యంత్రంలో వేసింది. వాదించి మైకెన్ కూడా దూరమైతే తనకు మిగిలేదెవరు? ఆ పదింటికి కాఫీ ఒక్కతే తాగింది.

గురువారానికి బట్టలుతికే గది వంతుల పట్టికలో హిల్డింగ్ పేరు తరవాతి గంటలు ఖాళీ అయ్యాయి. అతను వాడిన యంత్రంలో ఎవరూ బట్టలు వెయ్యడం లేదు. శనివారానికి మెట్ల కింది పిల్లల సైకిళ్లను తల్లిదండ్రులు ఇళ్లలోకి చేర్చుకున్నారు. ఆదివారం హిల్డింగ్ తలుపు పక్క గోడ మీద సంతకం లేని చీటీ: "మేమంతా చూశాం." నిజానికి ఎనభై క్రోనాలు పెట్టి ఎవరూ చూడలేదు.

మంచు కరిగేసరికి వాకిట్లో హిల్డింగ్ సామాను కోసం బండి ఆగింది.

"వెళ్లిపోతున్నారా?"

"మా అక్క వాళ్ల ఊరికి. మీరూ నమ్మారా, ఎల్ఫ్రీదా గారూ?"

అతని కోసం తెచ్చిన బన్నుల పొట్లం ఎల్ఫ్రీదా చేతిలోనే ఉండిపోయింది.

బండి మలుపు తిరిగాక డబ్బు కట్టి ఆ చుక్క మీది పేరు చూసింది. వచ్చిన పేరు తనదే. మూడేళ్ల కిందట చెల్లెలి శవపేటిక కోసం వచ్చిన బండికి పార్కింగ్ జరిమానా రాస్తున్న మనిషిని గొడుగుతో రెండు దెబ్బలు వేసింది. కోర్టు వేసిన జరిమానా కట్టి, అక్కడితో సరి అనుకుంది. ఆ జరిమానా కూడా మ్యాపు లెక్కలో శిక్షే.

"ఆ చుక్క నాది" అని రెండు చీటీలు రాసి కింద పేరు పెట్టింది. ఒకటి హిల్డింగ్‌కు పంపింది. అతని కొత్త చిరునామా కూడా ఫోనులోనే దొరికింది. రెండోది బట్టలుతికే గదిలో అంటించింది.

"నీకేమైనా మతిపోయిందా? చెప్పకపోతే ఎవరికి తెలిసేది?" అంది మైకెన్.

"అతనికి తెలియాలిగా."

ఆ వారం వంతుల పట్టికలో ఆమె పేరు తరవాత ఎవరూ తమ పేరు రాయలేదు. దుప్పట్లు తీరిగ్గా రెండుసార్లు ఉతుక్కుంది.