ఉప్పునీటి అత్తగారు

నాలుగేళ్ళ తరువాత దొరికిన ఎనిమిది రోజుల సెలవులో లిఫ్టు మెకానిక్కు చెయ్యదలచుకున్న పని ఒక్కటే: పడుకోవడం. పొద్దున్నే బావగారింటికి వెళ్ళాలి, తొట్టెలో చేపలకు చిటికెడు మేత వెయ్యాలి, ఫోను కట్టేసి అక్కడే సోఫాలో సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలి. సొంత ఇంట్లో ఉంటే లిఫ్టు ఆగిపోయిన ప్రతివాడూ వచ్చి తలుపు కొడతాడు. చేపలకు లిఫ్టుతో పని లేదు.

బావగారు పళ్ళ డాక్టరు. హాల్లో గోడ పొడవునా సముద్రపు చేపల తొట్టె పెట్టుకున్న మనిషి, పది రోజులు సముద్రం చూసి రావడానికి భార్యను తీసుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు నాలుగు పేజీల సూచనలు రాసి తొట్టెకు అంటించాడు. అక్క పెట్టెలు సర్దుకుంటుంటే బామ్మర్దిని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, ఈ ఎర్ర చారల రొయ్య మాత్రం జాగ్రత్త. దీన్ని నేను అత్తగారు అని పిలుస్తాను. చూశావా, ప్రతి మూలా వెతుకుతుంది. ఎవరి నోట్లో ఏముందో చూడందే వదలదు. మీ అక్కకు చెప్పకేం."

బావకు అత్తగారంటే మెకానిక్కుకు కన్నతల్లి. అతనికి కోపం రావలసిన మాటే. కానీ కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. "సరే బావా," అని ఊరుకున్నాడు.

మొదటి రోజు సూచనలు చదివాడు. తొట్టెలో నీళ్ళు రోజూ కొంత ఆవిరైపోతాయి కాబట్టి బకెట్టెడు "ఉప్పు కల" నీళ్ళు పొయ్యాలట. "కల" తరువాతి అక్షరాల మీద నీటి చుక్క పడి అవి అలుక్కుపోయాయి. అది "కలపని" అయినా కావచ్చు, "కలిపిన" అయినా కావచ్చు. బావకు ఫోను చేస్తే రెండు మాటల ప్రశ్నకు గంటసేపు జవాబు చెబుతాడు. ఇవి సముద్రపు చేపలు, కింద అరలో ఉప్పు సంచి ఉంది, ఇంకా ఆలోచించడానికేముంది? బకెట్టులో రెండు డబ్బాల ఉప్పు కలిపి పోశాడు. మర్నాడూ పోశాడు, ఆ మర్నాడూ పోశాడు. మూడు రోజులూ హాయిగా నిద్రపోయాడు.

నాలుగో రోజు పొద్దున చేపలు ఒక మూలకు చేరి, జీతం ఆలస్యమైన గుమాస్తాల్లా నిలబడి ఉన్నాయి. రాళ్ళ ముందు ఇసుకలో అత్తగారు పడి ఉంది. ఒళ్ళంతా తెల్లగా పాలిపోయింది. వలగరిటెతో తట్టి చూస్తే కదలలేదు. మెకానిక్కు దాన్ని బయటికి తీసి కాగితంలో చుట్టాడు. ఫోను తెరిచి భార్యకు చేశాడు. ఆమె పనిచేసేది లైబ్రరీలో, అక్కడ ఫోన్లు మోగకూడదు. చివరికి లైబ్రరీ నంబరుకే చేస్తే ఆమెతో పనిచేసే ఆవిడ ఎత్తింది.

"కాస్త మా ఆవిడకు చెప్పండి, అత్తగారు పోయింది."

"అయ్యో! ఎప్పుడండీ?"

"రాత్రే అయ్యుంటుంది. నేను పొద్దున చూశాను. బావకు మాత్రం తెలియనివ్వొద్దనండి. ఆయన వచ్చేలోగా ఇంకొకటి తెచ్చి పెట్టేస్తాను. ఇప్పుడు దుకాణానికే వెళుతున్నాను."

రొయ్యకు ఆ పేరున్నట్టు భార్యకు తెలియదన్న సంగతి అతనికి తట్టనే లేదు. మాట పూర్తవగానే అలవాటుగా ఫోను కట్టేశాడు.

ఫోనెత్తిన ఆవిడ పుస్తకాల అరల మధ్య అతని భార్యను పట్టుకుని కూర్చోబెట్టింది. "గుండె రాయి చేసుకోండి. మీ అత్తగారు పోయారట. మీవారికి మతి చలించినట్టుంది, పాపం. ఇంకో అత్తగారిని తెస్తానంటూ దుకాణానికి వెళ్ళారు."

భార్య అక్కడే భోరుమంది. ఏడుస్తూనే ఆడపడుచుకు ఫోను చేసింది. భర్త ఫోను పలకలేదు, ఇంట్లో ఫోను ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం, గంట తరువాత ఆమె పరుగున ఇంటికి చేరేసరికి తెలిసింది. అత్తగారు స్నానాల గదిలో దుప్పట్లు ఉతుకుతున్నారు.

"అదేమిటే, ఇంత పెందలాడే వచ్చావు? కళ్ళు అలా వాచాయేం?" అన్నారావిడ.

కోడలు మళ్ళీ ఆడపడుచుకు ఫోను చేసింది. లాభం లేకపోయింది. అప్పటికే దొరికిన మొదటి విమానం ఎక్కేసి అక్కా, బావా ఇద్దరూ ఫోన్లు కట్టేశారు.

అక్కడ చేపల దుకాణంలో మెకానిక్కు ఎర్ర చారల రొయ్యను కొని, వెంట తెచ్చిన సీసాడు తొట్టె నీళ్ళు చూపించాడు. దుకాణదారు అందులో గాజు గొట్టం ముంచి, అతని ముఖంలోకి చూశాడు.

"ఉప్పు పోస్తున్నారా?"

"రోజూ పోస్తున్నానండీ. ఒక్కరోజు కూడా మానలేదు."

"ఆవిరయ్యేది నీళ్ళండీ, ఉప్పు కాదు. పోసేవి మంచినీళ్ళు కావాలి. ఇందులో మీ చేపలు ఈదడం లేదు, ఊరుతున్నాయి."

దాంతో ఆ రోజంతా నీళ్ళ చాకిరీ అయింది. దుకాణదారు చెప్పినట్టే నెమ్మది నెమ్మదిగా, ఒక బకెట్టు తోడి ఒక బకెట్టు పోస్తూ, ఇరవై ఏడు బకెట్లు మోశాడు. నడుము పట్టేసింది. సాయంత్రానికి చేపలు మూల వదిలి తిరగసాగాయి. కొత్త రొయ్యను వదిలి సోఫా మీద వాలబోతుండగా తలుపు తోసుకుని భార్య, ఆమె వెనకే తల్లి వచ్చారు.

"ఒరేయ్, నేను పోయానని చెప్పావటగా?"

అతను నోరు తెరిచేలోగా వీధిలో టాక్సీ ఆగింది. అక్క ఏడుస్తూ గుమ్మం ఎక్కి, ఎదురుగా తల్లిని చూసి కొయ్యబారిపోయింది. బావ చేతిలో పెట్టె జారి కాలి మీద పడింది. ఆయన అరవను కూడా లేదు.

"అమ్మా!" అంది అక్క, తల్లిని తడిమి చూస్తూ. తరువాత తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఇదేం పరాచికం?"

అందరూ అతన్నే చూస్తున్నారు. వెనకనుంచి బావ ఒద్దు ఒద్దంటూ చేతులు ఊపుతున్నాడు. మామూలుగా అయితే మెకానిక్కు ఏదో ఒకటి అల్లి చెప్పేవాడే. ఇరవై ఏడు బకెట్లు మోసిన మనిషికి అబద్ధం ఆడే శక్తి ఎక్కడిది?

"పోయింది రొయ్యే అమ్మా. దాని పేరు అత్తగారు."

"పేరెవరు పెట్టారు?"

అతను బావ వైపు చూశాడంతే.

సరిగ్గా అప్పుడే రాతి సందులోంచి ఒక ఎర్ర చారల రొయ్య బయటికి వచ్చింది. కొత్తది అప్పటికే ఇసుక మీద ఉంది. మెకానిక్కు కళ్ళు నులుముకుని లెక్కపెట్టాడు. రెండు. కాగితం పొట్లం బావకు చూపించాడు.

"ఇది శవం కాదురా, పెంకు," అన్నాడు బావ నీరసంగా. "రొయ్య అప్పుడప్పుడూ పాత పెంకు విడిచి ఒకటి రెండు రోజులు దాక్కుంటుంది. నువ్వు హడలిపోయింది విడిచిన చొక్కా చూసి."

పెద్దావిడ ఇవేవీ వినడం లేదు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. రాతిమీదికి ఒక పచ్చని చేప వచ్చి నోరు తెరిచింది. పాత రొయ్య ఏ భయమూ లేకుండా ఆ నోట్లో దూరి, పళ్ళసందుల్లో చిక్కుకున్నవి ఏరసాగింది.

"అదేం చేస్తోంది?"

బావకు ప్రాణం లేచివచ్చింది. "వైద్యం అత్తయ్యా! ఈ తొట్టెలో అందరి ఆరోగ్యం చూసేది ఇదే. ఇది లేకపోతే ఒక్కరికీ దిక్కు లేదు. అందుకే, గౌరవంగా, మీ పేరు..."

తుఫాను ఎప్పుడు విరుచుకుపడుతుందా అని మిగతా ముగ్గురూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆవిడ మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఇన్నేళ్ళలో నేను చేసేదేమిటో ఒక్కడైనా గుర్తించాడు. కన్న కొడుక్కు తోచిందా ఈ ముక్క?" అని కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, ఇది నా పేరున్న ప్రాణి. నా కళ్ళ ముందే ఉండాలి. తొట్టె మనింటికి పట్టించు."

"తప్పకుండా అత్తయ్యా!" అన్నాడు బావ, ఆవిడ మాట పూర్తి కాకముందే. ఆరేళ్ళ తరువాత ఈ నాలుగు రోజులే ఆయన తెల్లవారుజామున లేచి నీళ్ళు పరీక్షించకుండా పడుకున్నాడట. ఆ సంగతి విమానాశ్రయానికి వెళుతూ చెప్పాడు. మర్నాడే భార్యాభర్తలు మిగిలిన సెలవు గడపడానికి తిరుగు విమానం ఎక్కారు.

తొట్టె ఇంటికి చేరడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మెకానిక్కు ఇంకా రెండు రోజుల సెలవు ఉండగానే పనిలో చేరిపోయాడు. ఎందుకని అడిగిన పై అధికారికి, ఒంట్లో బాగా లేదండీ, కాస్త విశ్రాంతి కావాలి, అని చెప్పాడు.